విండోస్ మార్చాల్నా, గ్రాఫిక్స్ కార్డు వెయ్యాల్నా? ఇంటి కంప్యూటర్ సంగతి వరుసగా తేల్చుకునే పద్ధతి

హన్మకొండ, కాజీపేట, కరీంనగర్ దిక్కు తెల్సినోళ్లందరు ఈ మధ్య ఒక్కటే అడుగుతున్నరు. "అన్నా, విండోస్ 10 బంద్ అయిందంటున్నరు, 11 వేసుకోవాల్నా, లేకుంటే ఆ పైసలు గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టాల్నా?" ఒక్కొక్కరికి ఫోన్ల సగం సగం చెప్పుడు కంటే మొత్తం ఒక్క దగ్గర రాస్తే, మీరు పక్కన పెట్టుకొని ఒక్కో పని చేసుకుంట పోవచ్చు.

ముందే ఒక మాట. ఇవి రెండు వేరే ప్రశ్నల లెక్క కనిపిస్తయి గని రెండింటికీ జవాబు మీ బోర్డు మీదున్న ప్రాసెసర్ దగ్గరనే ఉన్నది. అది విండోస్ 11కు పాస్ అయితదా కాదా తేలకముందు కార్డు కొనొద్దు. ఇంకో ఏడాదిలో బోర్డే మార్చాల్సి వచ్చే సిస్టంలో వేలకు వేలు పోసి కార్డు వేస్తే, ఆ కార్డు సగం బలంతోనే నడుస్తది, మీరు పెట్టిన పైసకు ఫలితం కనబడది.

## 1. ముందు కాయితం మీద రాసుకోండి

దుకాణానికి పోయి "మంచి కార్డు ఇయ్యి" అంటే వాళ్ల దగ్గర స్టాక్ ఉన్నదే ఇస్తరు, అది వాళ్ల తప్పు కూడ కాదు, మన దగ్గర వివరం లేకుంటే వాళ్లేం చెప్తరు. గీ లిస్టు నింపుకోండి:

☐ ప్రాసెసర్ పూర్తి నంబర్. "ఐ5" అంటే చాలది. ఐ5-6500 అంటే 6వ జనరేషన్, ఐ5-8400 అంటే 8వ జనరేషన్. ఈ రెండింటి మధ్యనే అసలు గీత ఉన్నది
☐ మదర్‌బోర్డు కంపెనీ, మోడల్
☐ ర్యామ్ ఎంత, ఒక్క స్టిక్కా రెండు స్టిక్కులా
☐ సీ డ్రైవ్ హార్డ్‌డిస్క్ మీదున్నదా, ఎస్ఎస్‌డీ మీదున్నదా
☐ ఇప్పుడున్న గ్రాఫిక్స్ పేరు (బోర్డుదేనా, వేరే కార్డా)
☐ ఎస్ఎంపీఎస్ (క్యాబినెట్ లోపల కరెంట్ ఇచ్చే డబ్బా) మీది స్టిక్కర్ ఫొటో
☐ మానిటర్ వెనకాల ఏ పోర్టులున్నయి, రిజల్యూషన్ ఎంత, ఎన్ని హెర్ట్జ్
☐ యూపీఎస్ ఎన్ని వీఏ

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు ఒక్కసారి ఒత్తితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటది. అందులో పర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో ప్రాసెసర్, ర్యామ్, డిస్క్, గ్రాఫిక్స్ నాలుగూ కనిపిస్తయి. బోర్డు మోడల్ కోసం స్టార్ట్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని వెతకండి. అక్కడనే "బయోస్ మోడ్" అని ఒక లైన్ ఉంటది, (బయోస్ అంటే విండోస్ కంటే ముందు లేచే బోర్డు ప్రోగ్రాం) యూఈఎఫ్ఐ (కొత్త పద్ధతి) అని ఉన్నదా లెగసీ (పాత పద్ధతి) అని ఉన్నదా అది కూడ రాసుకోండి, 3వ పాయింట్‌లో అక్కరకొస్తది.

ల్యాప్‌టాప్ ఉన్నోళ్లకు: దాదాపు అన్ని ల్యాప్‌టాప్‌లలో గ్రాఫిక్స్ చిప్ బోర్డుకే అతికి ఉంటది, మార్చుడు కుదరది. మీకు 2 నుంచి 5 దాకా చదివితే చాలు.

ఆఫీసుల నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్ సిస్టమ్స్, అంటే డెల్ ఆప్టీప్లెక్స్, హెచ్‌పీ ప్రోడెస్క్, లెనోవో థింక్‌సెంటర్ అసుంటివి కొన్నోళ్లు జర పైలం. వాటిలో సన్నటి డబ్బా మోడల్ అయితే సగం ఎత్తుండే లో ప్రొఫైల్ కార్డు మాత్రమే పడ్తది, లోపలి ఎస్ఎంపీఎస్ కూడ చిన్నది, దాని కనెక్టర్ కంపెనీదే ఉంటది గాబట్టి బజార్లో దొరికే మామూలు ఎస్ఎంపీఎస్ చాలాసార్లు సెట్ కాదు.

## 2. స్లో ఎక్కడున్నదో పట్టుకోండి

చాలామంది "సిస్టం స్లో ఉన్నది, కార్డు వెయ్యాలె" అంటరు. కార్డు వేస్తే విండోస్ తొందరగా ఆన్ కాదు, క్రోమ్ తొందరగా తెరుచుకోదు. కొత్త విండోస్ వేస్తే కూడ పాత డిస్క్ ఉరకది. టాస్క్ మేనేజర్ తెరిచి పెట్టి, మీరు రోజూ చేసే పని చేసుకుంట చూడండి.

డిస్క్ 100 శాతం దగ్గర ఆగిపోయి ఉంటే రోగం హార్డ్‌డిస్క్‌ది. మామూలు హార్డ్‌డిస్క్ సెకండ్‌కు 100 నుంచి 150 ఎంబీ చదువుతది, సాటా ఎస్ఎస్‌డీ 500 ఎంబీ దాకా చదువుతది, చిన్న చిన్న ఫైళ్ల కాడ అయితే తేడా ఇంకా మస్తు ఎక్కువ. ఇంటి సిస్టమ్స్‌లో సగం కంటే ఎక్కువ కేసులు ఇక్కడనే అయిపోతయని నా నమ్మకం, ముందు ఎస్ఎస్‌డీ వేసి చూసి అప్పుడు మిగతాది మాట్లాడండి.

మెమరీ 85, 90 శాతం దాటి ఉంటే ర్యామ్ చాలడం లేదు. 4 జీబీతోటి విండోస్ 11 వేసుకోవచ్చని కంపెనీ అంటది గని దాని మీద నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే పని కాదు, 8 కనీసం, గేములు, ఎడిటింగ్ ఉంటే 16. 2025 చివర నుంచి ర్యామ్ రేట్లు బాగా ఎక్కినయి గాబట్టి కొనేముందు రెండు మూడు దగ్గర్ల అడగండి.

ఇంకోటి, వేడి. మన దగ్గర ఎండాకాలం 43, 44 డిగ్రీలు మామూలే, దాని మీద దుమ్ము. ఏనుమాముల మార్కెట్ చుట్టుపక్కల పత్తి నూగు, కరీంనగర్‌లో గ్రానైట్ పొడి, గోదావరిఖని, భూపాలపల్లి దిక్కు బొగ్గు దుమ్ము, ఇవన్నీ ప్రాసెసర్ మీది ఫ్యాన్ల కూసుంటయి. వేడి ఎక్కితే ప్రాసెసర్ తనంతట తనే స్పీడు తగ్గించుకుంటది, మనమేమో సిస్టం పాతదైందనుకుంటం. కరెంట్ వైరు పీకి, సైడ్ ప్యానెల్ తీసి, ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకొని బ్లోయర్ కొట్టండి, పాత సిస్టం అయితే థర్మల్ పేస్ట్ మార్పించండి. ఇది చేసినంక మల్ల ఒక్కసారి టాస్క్ మేనేజర్ చూడండి.

## 3. విండోస్ సంగతి తేల్చండి

విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ఆగిపోయింది. ఆగిపోయిందంటే సిస్టం ఆన్ కాదని కాదు. కొత్తగా బయటపడే లొసుగులకు ఫ్రీ ప్యాచ్‌లు రావు, అంతే. ఆ అంతేలోనే ప్రమాదం ఉన్నది, ఎందుకంటే అదే సిస్టంలో మనం ఫోన్‌పే లింక్ ఉన్న బ్యాంకు అకౌంట్ తెరుస్తం, పిల్లల సర్టిఫికెట్లు పెడ్తం.

విండోస్ 11కు ఏం కావాలంటే:

☐ ఇంటెల్ అయితే 8వ జనరేషన్ నుంచి (7వ జనరేషన్‌లో ఏవో కొన్నిటికే ఉన్నది)
☐ ఏఎండీ అయితే రైజెన్ 2000 సిరీస్ నుంచి, అందులో కూడ అన్నీ లేవు, మైక్రోసాఫ్ట్ లిస్టులో మీ నంబర్ చూడండి
☐ టీపీఎం 2.0 (సెక్యూరిటీ చిప్)
☐ యూఈఎఫ్ఐ, సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోటే సిస్టం ఆన్ అయ్యేటట్టు చూసేది) చేసే వీలు
☐ 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్

మైక్రోసాఫ్ట్ వాళ్లదే పీసీ హెల్త్ చెక్ అని చిన్న యాప్ ఉన్నది, అది నడిపిస్తే ఏది పాస్, ఏది ఫెయిల్ చెప్తది. దాంట్ల "ఫెయిల్" అని రాంగనే బాధపడకండి, ఎందుకు ఫెయిలో చూడండి. ఫలితం మూడు రకాలుగ ఉంటది.

అన్నీ పాస్. అయితే విండోస్ 11 వేసుకోండి, ఆలోచించేది లేదు. మీ విండోస్ 10 అసలుది అయితే కొత్త లైసెన్స్ కొనే పని లేదు, ఫ్రీ.

ప్రాసెసర్ పాస్, టీపీఎం లేదా సెక్యూర్ బూట్ ఫెయిల్. మన దగ్గర అసెంబుల్ చేసిన సిస్టమ్స్‌లో ఇదే ఎక్కువ కనిపిస్తది. చిప్ లేక కాదు, బయోస్‌లో ఆఫ్ చేసి ఉంటది. ఇంటెల్ బోర్డుల్లో దాని పేరు పీటీటీ, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం. బయోస్‌లకు పోయి ఆన్ చేస్తే అయిపోతది. కొన్ని బోర్డులకు బయోస్ అప్‌డేట్ చేస్తెనే ఆ ఆప్షన్ కనిపిస్తది.

సెక్యూర్ బూట్ కాడ మాత్రం తొందరపడొద్దు. మీ బయోస్ మోడ్ లెగసీ అని ఉంటే డిస్క్ ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతిలో ఉన్నట్టు. ముందు దాన్ని జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చాలె, ఆ తర్వాతనే బయోస్‌లో సీఎస్ఎం (పాత లెగసీ పద్ధతిని నడిపే సెట్టింగ్) ఆఫ్ చెయ్యాలె. ఉల్టా చేస్తే సిస్టం బూట్ కాదు. విండోస్‌తోటే ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ వస్తది, డేటా పోకుండా మారుస్తది, గని ముందు వ్యాలిడేట్ చేసి పాస్ అని వస్తేనే కన్వర్ట్ కొట్టాలె. బ్యాకప్ లేకుండా ఈ పనికి చెయ్యి పెట్టొద్దు.

ఇంకో చిక్కు ఇక్కడనే ఉన్నది, దీని గురించి ఎవ్వరూ ముందుగాల చెప్పరు. 2012కు ముందటి కాలం గ్రాఫిక్స్ కార్డులు చాలావాటికి యూఈఎఫ్ఐ సపోర్ట్ ఉండది. సీఎస్ఎం ఆఫ్ చేసిన మరుక్షణం స్క్రీన్ నల్లగ అయితది, ఏం కనబడది. అసుంటి కార్డు ఉంటే దాన్ని తీసి, కేబుల్ బోర్డు మీది డిస్‌ప్లే పోర్టుకు పెట్టి, అప్పుడు సెట్టింగ్ మార్చండి. ప్రాసెసర్ నంబర్ చివర ఎఫ్ అని ఉంటే (ఐ5-10400ఎఫ్ లెక్క) బోర్డు పోర్టులో డిస్‌ప్లే రాదు, అప్పుడు వేరే కార్డు దొరికేదాక ఆగాలె.

ప్రాసెసరే ఫెయిల్. ఇక్కడ నాలుగు తొవ్వలున్నయి.

మొదటిది, విండోస్ 10 మీదనే ఉండి ఈఎస్‌యూ అనే అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లలో చేరుడు. ఇవి 2026 అక్టోబర్ 13 దాకా వస్తయి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తోటి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేసుకుంటే ఫ్రీ, లేదంటే 1000 రివార్డ్స్ పాయింట్లు, అదీ కాకుంటే 30 డాలర్లు. మీది 22హెచ్2 వెర్షన్ అయి ఉండాలె. చేరినంక విండోస్ అప్‌డేట్ పేజీలో ఆ మాట కనిపించాలె, అది చూసేదాక అయిందనుకోవద్దు. ఇది ఊపిరి తీసుకునే టైమే గని పరిష్కారం కాదు.

రెండోది, ప్రాసెసర్ మాత్రం మార్చుడు. ఏఎండీ ఏఎం4 (ప్రాసెసర్ కూర్చునే గూడు రకం) బోర్డు ఉన్నోళ్లకు ఇది మంచి అవకాశం. రైజెన్ 5 1600 ఉన్న బీ450 బోర్డులకు బయోస్ అప్‌డేట్ చేసి రైజెన్ 5000 సిరీస్ పెట్టుకోవచ్చు, మీ బోర్డు కంపెనీ సైట్‌లో లిస్టు చూడండి. విండోస్ 11 కూడ పడ్తది, తర్వాత వేసే కార్డుకు బలం కూడ దొరుకుతది. ఇంటెల్ 6, 7 జనరేషన్ బోర్డులకు ఈ వీలు లేదు, 8వ జనరేషన్ ప్రాసెసర్ వాటిలో నడవది, బోర్డు కూడ మార్చాలె.

మూడోది, విండోస్ బదులు లినక్స్ మింట్ లాంటి వేరే ఆపరేటింగ్ సిస్టం వేసుకునుడు. బ్రౌజింగ్, యూట్యూబ్, చదువు, ఆఫీస్ ఫైళ్ల వరకైతే పాత సిస్టం హాయిగ నడుస్తది, ఫ్రీ కూడ. పెన్‌డ్రైవ్ నుంచి ఇన్‌స్టాల్ చెయ్యకుండనే నడిపి చూడొచ్చు, రెండు మూడు రోజులు అట్ల వాడి అప్పుడు నిర్ణయించుకోండి. గని టాలీ, పేజ్‌మేకర్, అను స్క్రిప్ట్ (తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్) మీద బతికేటోళ్లు దీని జోలికి పోవద్దు. వాలరెంట్ గేమ్ ఆడేటోళ్లు కూడ అంతే, లినక్స్ మీద నడవది.

నాలుగోది, చెక్కింగ్ ఎగ్గొట్టి బలవంతంగ 11 వేసుడు. వేస్తే పడ్తది, దుకాణాల్లో వేసిచ్చేటోళ్లు కూడ ఉన్నరు. గని అసుంటి సిస్టంకు అప్‌డేట్లు వస్తయని మైక్రోసాఫ్ట్ గ్యారంటీ ఇవ్వదు, విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి మరీ పాత కోర్ 2 కాలం ప్రాసెసర్ల మీద అసలు బూటే కాదు. పైసల లావాదేవీలు నడిచే సిస్టం మీద ఇది చెయ్యొద్దని నేను గట్టిగ చెప్త. క్రాక్ విండోస్ సంగతి కూడ ఇంతే, యాక్టివేటర్ పేరు మీద లోపలికి ఏమొస్తదో ఎవ్వరికి తెల్వది.

## 4. విండోస్ మార్చేముందు తయారీ

ఇక్కడ ఒక్క పూట పెడితే తర్వాత వారం తిప్పలు తప్పుతయి.

☐ ఫొటోలు, సర్టిఫికెట్లు, టాలీ డేటా బయటి డిస్క్‌లకు కాపీ చేసి, ఆ డిస్క్ పీకి పక్కన పెట్టండి. డీ డ్రైవ్‌లో పెట్టుడు బ్యాకప్ కాదు, చాలాసార్లు సీ, డీ రెండూ ఒక్క డిస్క్ మీదనే ఉంటయి
☐ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ మూడు మర్చిపోవద్దు
☐ బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌కు వేసే తాళం లాంటిది) ఆన్ ఉంటే రికవరీ కీ కాయితం మీద రాసుకోండి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరుకుతది. బయోస్ సెట్టింగ్ మార్చేముందు దాన్ని సస్పెండ్ చెయ్యండి, లేకుంటే 48 అంకెల కీ అడుగుతది
☐ ప్రింటర్, స్కానర్, వేలిముద్ర మెషిన్, డిజిటల్ సంతకం టోకెన్, వీటికి విండోస్ 11 డ్రైవర్ (ఆ మెషిన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) ఉన్నదా కంపెనీ సైట్‌లో చూడండి. మీసేవ, జిరాక్స్ సెంటర్ నడిపేటోళ్లు ఇది చూడకుండ ముందుకు పోవద్దు
☐ పెండ్లి కార్డులు, ఫ్లెక్సీలు చేసే డీటీపీ వాళ్లు పేజ్‌మేకర్, తెలుగు ఫాంట్ సాఫ్ట్‌వేర్, డాంగిల్ ముందుగాల వేరే విండోస్ 11 సిస్టం మీద పరీక్షించండి. సీజన్ల మధ్య అస్సలు మార్చొద్దు
☐ సీ డ్రైవ్‌లో 30, 40 జీబీ ఖాళీ చెయ్యండి

## 5. అప్‌గ్రేడ్ చేసే వరుస

1) విండోస్ 10లో పెండింగ్ అప్‌డేట్లన్నీ వేసి రీస్టార్ట్ చెయ్యండి. 2) బయటి యాంటీవైరస్ ఉంటే తీసెయ్యండి. 3) ప్రింటర్, పెన్‌డ్రైవ్ లాంటివి పీకండి, కీబోర్డ్, మౌస్ చాలు. 4) సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ దగ్గర 11 కనిపిస్తే అక్కడి నుంచే, లేకుంటే మైక్రోసాఫ్ట్ సైట్‌లోని ఇన్‌స్టలేషన్ అసిస్టెంట్ నుంచి మొదలువెట్టండి.

కరెంట్ సంగతి చూసుకోండి. గాలిదుమారం, వాన సూచన ఉన్న సాయంత్రం ఈ పని పెట్టుకోవద్దు. యూపీఎస్ లేకుంటే పొద్దున పూట చెయ్యండి. శాతం ఒక్క దగ్గర చాలాసేపు ఆగినా పవర్ బటన్ ఒత్తొద్దు, హార్డ్‌డిస్క్ మీదైతే గంటలు పట్టొచ్చు.

అయిపోయినంక డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తులున్నయా, సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ ఓకేనా, ప్రింటర్ నడుస్తున్నదా చూడండి. నచ్చకపోతే 10 రోజుల లోపల సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో "గో బ్యాక్" కొట్టి పాతదానికి పోవచ్చు. ఆ 10 రోజులు డిస్క్ క్లీనప్‌లో "ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్" డిలీట్ చెయ్యొద్దు, చేస్తే తిరిగి పోయే తొవ్వ మూసుకపోతది.

కార్డు కూడ వెయ్యాల్సి ఉంటే ఈ 10 రోజులు ఆగండి. రెండూ ఒక్కనాడు చేసి సిస్టం హ్యాంగ్ అయితే, కొత్త విండోస్‌దా, కార్డుదా, ఎస్ఎంపీఎస్‌దా పట్టుకునుడు మెకానిక్‌కు కూడ కష్టమైతది.

## 6. కార్డు నిజంగ కావాల్నా

టాలీ, ఎక్సెల్, ఆన్‌లైన్ క్లాసులు, యూట్యూబ్, మీసేవ పనులు, వీటికి కార్డు అక్కర్లేదు. జీటీ 710, జీటీ 730 ఇంకా అమ్ముతనే ఉన్నరు, "గ్రాఫిక్స్ కార్డు ఉన్నది" అని చెప్పుకునేటందుకు తప్ప గేములకు వాటితో ఒరిగేది లేదు. బోర్డు డిస్‌ప్లే పోర్టు ఖరాబైతేనో, ఇంకో మానిటర్ పెట్టాలంటేనో సరే.

కావాల్సినోళ్లు ఎవరంటే గేములు ఆడేటోళ్లు, పెండ్లి వీడియోలు మిక్సింగ్ చేసేటోళ్లు, రెవిట్, బ్లెండర్ లాంటివి నేర్చుకునే బీటెక్ పిల్లలు. మెషిన్ లెర్నింగ్ చేసే పిల్లలైతే ఎన్విడియానే తీసుకోండి, చాలా టూల్స్ సీయూడీఏ (CUDA) అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తయి, అది ఎన్విడియా కార్డుల్లోనే ఉంటది.

ఒక పరీక్ష పెట్టండి, పైస ఖర్చు లేదు. మీరు ఆడే గేమ్‌ను 1080పీలో నడిపి ఎఫ్‌పీఎస్ (సెకండ్‌కు వచ్చే ఫ్రేములు) ఎంతొస్తున్నదో చూడండి. అదే సీన్ 720పీకి తగ్గించి మల్ల చూడండి.

- ఎఫ్‌పీఎస్ బాగా పెరిగితే, మిమ్మల్ని ఆపుతున్నది గ్రాఫిక్స్. కార్డు మారిస్తే ఫలితం కనిపిస్తది.
- పెరగకుండ అట్లనే ఉంటే, ఆపుతున్నది ప్రాసెసర్ లేదా ర్యామ్. ఎంత పెద్ద కార్డు పెట్టినా అంతే.

బోర్డు గ్రాఫిక్స్ మీద ఆడేటోళ్లు, ముఖ్యంగ రైజెన్ 5 5600జీ అసుంటివి ఉండి ఒక్క ర్యామ్ స్టిక్ మీద నడిపేటోళ్లు, ముందు రెండో స్టిక్ వెయ్యండి. బోర్డు గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండది, ర్యామ్‌నే వాడుకుంటది, రెండు స్టిక్కులైతే దానికి రోడ్డు డబుల్ అయినట్టు. మానిటర్ 60 హెర్ట్జ్‌ది అయితే సెకండ్‌కు 60 ఫ్రేములకు మించి చూపియ్యలేదు, 150 ఫ్రేములు తెచ్చే కార్డు దానికి దండుగ.

పాత ఎన్విడియా కార్డులున్నోళ్లకు ఇంకో లెక్క ఉన్నది. జీటీఎక్స్ 900, 1000 సిరీస్‌లకు కొత్త గేముల కోసం వచ్చే గేమ్ రెడీ డ్రైవర్లు 2025 అక్టోబర్‌తో ఆగినయి, ఇగ సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రం 2028 అక్టోబర్ దాకా మూడు నెలలకోసారి వస్తయి. అంటే మీ 1050 టీఐ ఇప్పుడే చెత్త కాదు, ఉన్న గేములు నడుస్తయి. గని ఇప్పుడు ఎవరన్న 1050 టీఐ, 1060 సెకండ్స్‌లో అమ్ముతమంటే తీసుకోవద్దు.

## 7. కొనేముందు కొలుచుకునేవి

ఎక్కువ మంది పైసలు పోగొట్టుకునేది ఇక్కడనే, అందుకే జర ఓపిగ్గ చదవండి.

ఎస్ఎంపీఎస్. క్యాబినెట్‌తోపాటు ఫ్రీగ వచ్చేదాని మీద 450 వాట్లు అని పెద్దగ రాసి ఉంటది. దాన్ని నమ్మొద్దు. స్టిక్కర్ మీద 12 వోల్ట్ కింద ఎన్ని ఆంపియర్లు రాసిండ్రో చూడండి, దాన్ని 12తో గుణిస్తే అసలు బలం తెలుస్తది. 18 ఆంపియర్లు అయితే 216 వాట్లే. కార్డు, ప్రాసెసర్ రెండూ బతికేది దాని మీదనే.

స్లాట్ (బోర్డు మీద కార్డు కూర్చునే గాడి) నుంచి కార్డుకు 75 వాట్ల దాకా దొరుకుతది. అంతకంటే ఎక్కువ తాగే కార్డుకు వేరే వైరు కావాలె, 6 పిన్ వైరు ఇంకో 75, 8 పిన్ వైరు 150 వాట్లు ఇస్తయి. ఆ వైర్లు లేని ఎస్ఎంపీఎస్‌కు కన్వర్టర్ పెట్టి నడిపిస్తమని చెప్తే ఒప్పుకోవద్దు. ఆ కనెక్టర్లు లేవంటేనే అంత బరువు మోసేటందుకు దాన్ని చెయ్యలేదని అర్థం, వైరు కాలుతది.

స్లాట్. 8, 9 జనరేషన్ ఇంటెల్ బోర్డులు పీసీఐఈ (ఆ స్లాట్ రకం) 3.0వి. ఆర్ఎక్స్ 6400, 6500 ఎక్స్‌టీ కార్డులు 4 లేన్ల (డేటా దారుల) మీదనే నడుస్తయి, పాత బోర్డులో పెడితే బలం తగ్గుతది, పైగా వాటిలో వీడియో ఎన్‌కోడర్ కూడ లేదు, రికార్డింగ్, ఎడిటింగ్ చేసేటోళ్లకు పనికిరావు. ఇంటెల్ ఆర్క్ కార్డులకు రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీని మొత్తం ఒక్కసారి వాడుకునే వసతి) తప్పనిసరి అనుకోండి, అది లేని బోర్డులో పెట్టొద్దు.

మానిటర్ పోర్టు. పాత మానిటర్లకు వీజీఏ ఒక్కటే ఉంటది, కొత్త కార్డులకు వీజీఏ రాదు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే యాక్టివ్ కన్వర్టర్ కావాలె, ఉట్టి కేబుల్ పని చెయ్యది.

యూపీఎస్. 600 వీఏ యూపీఎస్ సుమారు 360 వాట్లే మోస్తది. కరెంట్ పోయిన టైంలో గేమ్ నడుస్తుంటే అలారం కొట్టి బంద్ అయితది. కార్డు వేసినంక పెద్దది తీసుకోవాలె, ఆ ఖర్చు కూడ ముందే లెక్కల కలుపుకోండి. ఇంట్లో ఎర్తింగ్ సరిగ్గ లేకుంటే క్యాబినెట్ ముట్టుకున్నప్పుడు జివ్వుమంటది, కొత్త కార్డు కంటే ముందు అది బాగు చేయించండి.

పొడవు. స్లాట్ నుంచి ముందున్న హార్డ్‌డిస్క్ బోను దాకా టేపుతో కొలవండి, కార్డు పొడవు కంపెనీ సైట్‌లో మిల్లీమీటర్లలో ఉంటది.

ఇగ ఏ కార్డు అంటే, నా అభిప్రాయం ఇట్ల ఉంటది:

- వేరే వైరు లేని, మామూలు ఎస్ఎంపీఎస్ సిస్టం: ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ, 70 వాట్లు. పేరులో 6 జీబీ అని ఉన్నదే అడగండి, 8 జీబీది 130 వాట్లు, దానికి వైరు కావాలె.
- మంచి కంపెనీ 450 వాట్ల ఎస్ఎంపీఎస్: ఆర్ఎక్స్ 6600, 132 వాట్లు. ఎడిటింగ్ లేకుండ గేములకే అయితే పైసకు తగ్గ కార్డు.
- మంచి 550 వాట్లు, 10వ జనరేషన్ లేదా రైజెన్ 5 5600 నుంచి పైకి: ఆర్‌టీఎక్స్ 4060 లేదా 5060.

ఐ5 4వ, 6వ జనరేషన్ సిస్టంలో 4060 పెట్టకండి. ఆ పైసలు బోర్డు, ప్రాసెసర్ మీద పెట్టి, కార్డు తర్వాత కొనుక్కోండి.

హన్మకొండలో కొన్నా, సికింద్రాబాద్ సీటీసీ (కంప్యూటర్ సామాన్ల బజార్) దాకా పోయి కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా బిల్లు మీద సీరియల్ నంబర్, జీఎస్టీ ఉండాలె. వారంటీ సర్వీస్ ఎక్కడ ఇస్తరో అడగండి, నాలుగు వందలు తగ్గిందని పట్నంలో కొంటే, ఖరాబైనప్పుడు రానూ పోనూ బస్సు కిరాయి, ఒక రోజు పోతయి. సెకండ్ హ్యాండ్ అయితే కనీసం అరగంట గేమ్ నడిపించి చూడకుండ పైసలియ్యొద్దు, జీపీయూ-జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ నడిపి పేరు, మెమరీ సరిపోతున్నయా చూడండి. పాత కార్డుకు కొత్త పేరు ఎక్కించి అమ్మే మోసం ఉన్నది, చాలాసార్లు ఇది పట్టిస్తది.

## 8. బిగించే వరుస

1) పాత కార్డు డ్రైవర్ తీసెయ్యండి. ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారితే డీడీయూ అనే టూల్‌తోటి సేఫ్ మోడ్‌లో తియ్యండి. 2) షట్‌డౌన్ చేసి ప్లగ్గు పీకి, పవర్ బటన్ ఒకసారి ఒత్తి పట్టండి. 3) క్యాబినెట్ లోపలి ఇనుమును ఒకసారి ముట్టుకోండి, ఒంట్ల స్టాటిక్ పోతది. 4) పొడుగు స్లాట్ ఎదురుగున్న వెనక పట్టీలు తియ్యండి. 5) కార్డును నిటారుగ పెట్టి టక్కుమని లాక్ పడేదాక ఒత్తండి, వెనక స్క్రూ బిగించండి. 6) పవర్ వైరు పెట్టండి. ప్రాసెసర్ దగ్గరి 4+4 వైరు, కార్డుది 6+2 వైరు వేరు వేరు, ఒకటి ఇంకోదాంట్ల పట్టకపోతే బలవంతం చెయ్యొద్దు. 7) మానిటర్ కేబుల్ కార్డుకే పెట్టండి. 8) ఆన్ చేసి, డ్రైవర్ కంపెనీ సైట్ నుంచే దించుకోండి.

## 9. వచ్చే తిప్పలు, చేసే పని

కార్డు వేసిన, గేమ్ అంతే ఉన్నది. కేబుల్ ఇంకా బోర్డు పోర్టుకే ఉన్నది, పది మందిలో సగం మందికి ఇదే. మార్చండి.

ఫ్యాన్ తిరుగుతున్నది, స్క్రీన్ రాలేదు. పవర్ వైరు, కార్డు కూర్చున్న తీరు చూడండి, ర్యామ్ తీసి పెట్టండి. పాత బోర్డు అయితే బయోస్ అప్‌డేట్ కావాల్సి రావొచ్చు.

గేమ్ మధ్యలో సిస్టం టప్పున ఆఫ్ అయి మల్ల ఆన్ అయితున్నది. ఎక్కువసార్లు ఎస్ఎంపీఎస్ చాలకనే ఇట్ల అయితది. యూపీఎస్ తీసి నేరుగ గోడ ప్లగ్గుకు పెట్టి ఒకసారి చూడండి, అప్పుడు ఆగకపోతే తప్పు యూపీఎస్‌ది.

విండోస్ 11 వేసినంక వాలరెంట్ తెరవట్లేదు. దానికి టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ రెండూ ఆన్ ఉండాలె. బయోస్‌లో ఆన్ చేసినట్టు కనిపించినా సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో "సెక్యూర్ బూట్ స్టేట్ ఆన్" అని వచ్చిందా చూడండి.

విండోస్ మార్చినంక సౌండ్ లేదు, వైఫై లేదు. బోర్డు మోడల్ రాసుకున్న కాయితం తీసి, బోర్డు కంపెనీ సైట్ నుంచి ఆడియో, ల్యాన్, చిప్‌సెట్ డ్రైవర్లు వెయ్యండి. డ్రైవర్ అప్‌డేటర్ అని గూగుల్‌లో కనిపించే సాఫ్ట్‌వేర్లు దించొద్దు.

కార్డు 85 డిగ్రీలు దాటుతున్నది. క్యాబినెట్ టేబుల్ అరలో ఇరికించి ఉంటే బయటికి జరపండి, ముందు ఒక ఫ్యాన్ లోపలికి గాలి పీల్చేటట్టు, వెనక ఒకటి బయటికి పంపేటట్టు పెట్టండి. ఎఫ్‌పీఎస్‌ను మానిటర్ హెర్ట్జ్‌కు లాక్ చేస్తే కూడ వేడి తగ్గుతది.

పాత కార్డును, పాత డిస్క్‌ను వెంటనే అమ్మకండి. కొత్తది రెండు మూడు వారాలు ఏ ఇబ్బంది లేకుండ నడిచినంక, డిస్క్‌లో డేటా పూర్తిగ తుడిచి అప్పుడు ఇయ్యండి.